బడి రోజుల్లో మన ఇంటి వేళలు

పిల్లలూ, ఈ పాఠం చదివే ముందు మీకొక చిన్న పని. రేపు పొద్దున నిద్ర లేచిన దగ్గర్నుంచి స్కూలు బస్సు ఎక్కేదాకా మీ చెవిన పడే తెలుగు మాటలన్నీ గుర్తుపెట్టుకోండి. సాయంత్రం ఇంటికి వచ్చాక వాటిని నోటు పుస్తకంలో రాయండి. స్పెల్లింగ్ తప్పులు వచ్చినా ఫరవాలేదు.

మా ఆదివారం తరగతిలో పిల్లలు రాసుకొచ్చే కాగితాల్లో దాదాపు ఇవే మాటలు ఉంటాయి. లే. ఇంకా లేవలేదా? పళ్ళు తోముకో. పాలు తాగు. తొందరగా తిను. సాక్సులు ఏవి? జడ వేయించుకో, కదలకు. పద పద, బస్సు వచ్చేస్తోంది.

వీటిలో ఎక్కువ భాగం ఎవరికైనా ఒక పని చెయ్యమని చెప్పే వాక్యాలే. వ్యాకరణంలో వీటిని విధ్యర్థక వాక్యాలు అంటారు. పేరు పెద్దదే కానీ సంగతి చిన్నది: లే, తిను, రా, పో. అమ్మానాన్నలు ఇలా చెప్పడంలో తప్పేమీ లేదు. కానీ ఒకసారి ఆలోచించండి. పగలంతా మీరు బడిలో ఇంగ్లీషే మాట్లాడతారు. సాయంత్రం అలసిపోయి వస్తారు. ఇంట్లో మీరు గట్టిగా వినే తెలుగు పొద్దున పూట హడావిడి తెలుగు ఒక్కటే అయితే ఏమవుతుంది? తెలుగంటే కసురుకునే భాష అనిపిస్తుంది. జోకులు, కథలు, స్నేహితుల కబుర్లు అన్నీ ఇంగ్లీషులోకి వెళ్ళిపోతాయి. తెలుగుకి ‘లే’, ‘పద’ మాత్రం మిగులుతాయి.

అమ్మ కోపంతో అలా అనడం లేదు. టైము చాలక అంటోంది. టైము చాలేలా ఇంట్లో పనులు సర్దుకుంటే అమ్మ నోట వేరే మాటలు వస్తాయి. అదెలాగో ఈ పాఠంలో చూద్దాం.

ముందు ఒక మాట నేర్చుకోండి: వేళ. వేళ అంటే ఒక పని చెయ్యాల్సిన సమయం. భోజనం వేళ, నిద్ర వేళ, బడి వేళ అంటాం. ఏ పనికీ ఒక సమయమంటూ లేకుండా తినేవాళ్ళని, పడుకునేవాళ్ళని చూసి పెద్దవాళ్ళు “వీడికి వేళాపాళా లేదు” అంటారు. మీ అమ్మమ్మ గారి దగ్గర ఈ మాట వాడి చూడండి, ఆశ్చర్యపోతారు.

ఇంట్లో ఎన్ని చేతులు?

నేను ఈ దేశానికి వచ్చి రెండేళ్ళు కావస్తోంది. మేముండేది టెక్సాస్‌లో, డాలస్ పక్కన. అంతకు ముందు మన దేశంలో బడిలో పాఠాలు చెప్పేదాన్ని. అక్కడ ఒక పిల్లని బడికి పంపడానికి చాలా చేతులు సాయం వస్తాయి. జడ వేసేది నానమ్మ. క్యారేజీ సర్దేది అమ్మ. ఆటో వచ్చేదాకా వీధి గుమ్మంలో నిలబడేది తాతయ్య. ఆటో రాకపోతే పక్కింటి బాబాయి స్కూటరు మీద దింపుతాడు. అందుకని అక్కడ ఎవరూ కాగితం మీద టైమ్ టేబుల్ రాసుకోరు. ఒకరు మరచిపోతే ఇంకొకరికి గుర్తుంటుంది.

ఇక్కడ మన ఇళ్ళలో చాలాచోట్ల పెద్దవాళ్ళు ఇద్దరే. ఇద్దరికీ ఆఫీసు ఉండొచ్చు. కొన్నాళ్ళు నానమ్మో అమ్మమ్మో వచ్చి ఉంటారు, వాళ్ళు వెళ్ళగానే ఇల్లంతా తడబడుతుంది. మూడో చెయ్యి, నాలుగో చెయ్యి ఎవరివి? మీవే. ఈ పాఠం అమ్మకి కాకుండా మీకు రాయడానికి కారణం అదే.

వెనక నుంచి లెక్క

ఒక ఇల్లు ఊహించుకుందాం. అక్క ఐదో తరగతి, తమ్ముడు ఒకటో తరగతి. పసుపు రంగు బస్సు వీధి చివరికి పొద్దున 7:15కి వస్తుంది. చాలామంది లెక్క ముందు నుంచి వేస్తారు: “6:30కి లేస్తే సరిపోతుందిలే” అని. సరిపోదు. బస్సు దగ్గర మొదలుపెట్టి వెనక్కి రావాలి.

బస్సు 7:15కి. 5 నిమిషాల ముందే అక్కడ ఉండాలి, అంటే 7:10. నడక 5 నిమిషాలు, అంటే 7:05కి గుమ్మం దాటాలి. బూట్లు, కోటు, సంచికి 5 నిమిషాలు. అప్పటికి 7:00. తినడానికి 20 నిమిషాలు, అంటే 6:40కి టేబుల్ దగ్గర కూర్చోవాలి. పళ్ళు తోముకోవడం, స్నానం, బట్టలు, జడ, అన్నీ కలిపి 30 నిమిషాలు. అంటే 6:10. కళ్ళు నులుముకుని, దుప్పటి మడత పెట్టడానికి ఇంకో 10 నిమిషాలు. కాబట్టి లేవాల్సింది 6:00కి.

ఇప్పుడు ఇంకా వెనక్కి వెళ్దాం. 6 నుంచి 12 ఏళ్ళ పిల్లలకి రోజుకి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలని, 13 నుంచి 18 ఏళ్ళ వాళ్ళకి 8 నుంచి 10 గంటలు కావాలని అమెరికాలో నిద్ర గురించి చదివిన డాక్టర్ల సంఘం చెబుతుంది. మన లెక్కకి తొమ్మిదిన్నర గంటలు అనుకుందాం. పొద్దున 6:00 నుంచి తొమ్మిదిన్నర గంటలు వెనక్కి వస్తే రాత్రి 8:30. ఆ టైముకి నిద్ర పట్టాలంటే 8:15కి మంచం ఎక్కాలి. తిన్న వెంటనే పడుకోకూడదు కదా, అందుకని 7:00కల్లా అన్నం తినాలి.

చూశారా? “పొద్దున లేవలేకపోతున్నాను” అని మీరు అంటున్న ఇబ్బంది నిజానికి రాత్రి భోజనం దగ్గర మొదలవుతోంది.

ఇక్కడే మన ఇళ్ళలో చిక్కు వస్తుంది. ఆంధ్రాలో అయినా తెలంగాణలో అయినా చాలా ఇళ్ళలో రాత్రి భోజనం 8:30కో 9:00కో. అమ్మానాన్నలు చిన్నప్పటి నుంచి అలాగే తిన్నారు. ఆ అలవాటు విమానంలో మనతోపాటు ఇక్కడికి వచ్చేసింది. పైగా కొంతమంది నాన్నలకి, అమ్మలకి రాత్రి 9:00కి హైదరాబాదు ఆఫీసు వాళ్ళతో మీటింగు ఉంటుంది. ఎందుకంటే టెక్సాస్‌లో వేసవిలో రాత్రి 9:00 అయితే అక్కడ మర్నాడు పొద్దున 7:30. ఇలాంటి ఇంట్లో అందరూ కలిసి 7:00కి తినడం రోజూ కుదరదు. నా అభిప్రాయం ఏమిటంటే, పిల్లలకి ముందు పెట్టేయడం మంచిదే, కానీ పెద్దవాళ్ళు ఒక్కరైనా పక్కన కూర్చోవాలి. టీవీ గానీ టాబ్లెట్ గానీ పక్కన కూర్చుంటే అది లెక్కలోకి రాదు. అన్నం కలుపుతూ “ఇవాళ ఏమైందో తెలుసా” అని మొదలుపెట్టే ఆ 20 నిమిషాలే రోజు మొత్తంలో మీకు దొరికే మంచి తెలుగు.

ఇంకో లెక్క కూడా చూడండి. బస్సు సాయంత్రం 3:30కి దింపితే, 8:15 దాకా మీ చేతిలో ఉన్నది 4 గంటల 45 నిమిషాలు. అందులోనే ఏదో ఒకటి తినడం, హోంవర్కు, ఆట, భోజనం, రేపటికి సర్దుకోవడం. ఆ మిగిలిన టైములోకి కూచిపూడి, ఈత, చెస్, సాకర్, గణితం క్లాసు అన్నీ దూర్చేస్తారు. కారులోనే రాత్రి భోజనం తినే పిల్లలు నాకు తెలుసు. బడి రోజుల్లో వారానికి రెండు క్లాసులు చాలు అని నేననుకుంటాను. మీ అమ్మానాన్నలు ఒప్పుకోకపోవచ్చు. ఈ వెనక నుంచి లెక్క కాగితం మీద వేసి చూపించి మాట్లాడండి. ఏడ్చి అడిగితే వినని వాళ్ళు కూడా లెక్క చూపిస్తే వింటారు.

పిండికి కూడా ఒక వేళ ఉంది

బుధవారం పొద్దున 6:40కి ఎవరో ఒకరు అంటారు: “అమ్మా, నాకు దోశ కావాలి.”

బుధవారం దోశ మంగళవారమే మొదలవ్వాలి. మంగళవారం పొద్దున మినప్పప్పు, బియ్యం నీళ్ళలో వెయ్యాలి. దాన్ని నానబెట్టడం అంటారు. అవి 4, 5 గంటలు నానాలి. తర్వాత మిక్సీలోనో గ్రైండర్లోనో మెత్తగా తిప్పాలి. దాన్ని రుబ్బడం అంటారు. రుబ్బిన పిండిని గిన్నెలో పోసి మూత పెట్టి రాత్రంతా వదిలేస్తే అది పొంగి కొంచెం పుల్లబడుతుంది. దాన్ని పులియడం అంటారు. మన ఊళ్ళలో వేడి ఎక్కువ కాబట్టి ఒక్క రాత్రి చాలు. ఇక్కడ డిసెంబరు, జనవరిలో పిండి పులియక మొండికేస్తుంది. అందుకే చాలా ఇళ్ళలో ఓవెన్ వెలిగించకుండా లోపలి లైటు ఒక్కటే వేసి, అందులో పిండి గిన్నె పెడతారు. ఆ లైటు వేడి సరిపోతుంది. గిన్నె లోపల ఉందని ఓవెన్ మీద చీటీ అంటించాలి, లేకపోతే ఎవరో పిజ్జా కోసం ఓవెన్ వేసేస్తారు!

ఆఫీసుకి వెళ్ళే అమ్మకి మంగళవారం మధ్యాహ్నం రుబ్బే తీరిక ఉండదు. అందుకే చాలామంది శనివారం రాత్రి నానబెట్టి, ఆదివారం పొద్దున రుబ్బి, పులిసిన పిండిని ఫ్రిజ్‌లో పెట్టి బుధవారం దాకా వాడతారు. కాబట్టి ఈ వారం ఏ రోజు ఏ టిఫిను కావాలో శనివారమే చెప్పడం మీ పని. రోజులను లెక్కపెట్టడానికి తెలుగులో చక్కటి మాటలు ఉన్నాయి. ఇవాళ, రేపు, ఎల్లుండి. వెనక్కి వెళ్తే నిన్న, మొన్న. ఎల్లుండి, మొన్న అనేవి ఒక్కొక్కటీ ఒక్క మాటే. ఇంగ్లీషులో వాటిని చెప్పాలంటే ఎన్ని మాటలు కావాలో వేళ్ళ మీద లెక్కపెట్టండి.

మధ్యాహ్నం డబ్బా సంగతి కూడా ఇంతే. బడిలో భోజనానికి అరగంట ఇచ్చినా, వరసలో నడవడం, కూర్చోవడం, మూత తీయడం పోను తినడానికి 20 నిమిషాలు దొరికితే గొప్ప. వేడి చేసుకునే వీలు సాధారణంగా ఉండదు. చల్లారినా బాగుండేవి పెట్టుకోవాలి: పులిహోర, పెరుగన్నం, కూర చుట్టిన చపాతీ. కొన్ని తరగతుల్లో ఎలర్జీ ఉన్న పిల్లల కోసం పల్లీలు తేవద్దంటారు. అలాంటప్పుడు పులిహోరలో పల్లీలు మానేసి శనగపప్పు ఎక్కువ వెయ్యమని అమ్మకి ముందే చెప్పండి. టీచరు పంపిన కాగితం మీ సంచిలోనే ఉండిపోతే అమ్మకి ఎలా తెలుస్తుంది?

డబ్బా ఖాళీగా రాకపోతే అందులో ఏం మిగిలిందో, ఎందుకు మిగిలిందో ఇంటికి వచ్చి చెప్పాలి. టైము చాలలేదా? ఎక్కువైందా? పక్కన కూర్చున్నవాళ్ళు “అదేంటి, ఆ వాసనేంటి” అన్నారా? అది కూడా చెప్పాలి. సిగ్గుపడి బడిలోనే చెత్తబుట్టలో పారేసి వస్తే అమ్మ మర్నాడు కూడా అదే పెడుతుంది, మీరు మర్నాడు కూడా ఆకలితో ఉంటారు. చెబితే వేరే దారి చూడవచ్చు. టీచరుతో మాట్లాడవచ్చు, కొన్నాళ్ళు వేరేది పెట్టుకోవచ్చు, లేదా ఆ పిల్లలకే ఒక రోజు దాని పేరు, అది ఎలా చేస్తారో చెప్పవచ్చు. ఏది చేయాలో మీరూ అమ్మా కలిసి అనుకోండి.

రాత్రి పడుకునే ముందు 10 నిమిషాలు మీవి. సంచి సర్ది తలుపు దగ్గర పెట్టడం, సంతకం కావాల్సిన కాగితం టేబుల్ మీద పెట్టడం, రేపు చలా వానా చూసి బట్టలు తీసి పెట్టడం. ఒకటో తరగతి తమ్ముడు కూడా నీళ్ళ సీసా, బూట్లు చూసుకోగలడు. ఐదో తరగతి అక్క తన జడ తనే వేసుకోగలదు, మొదటి వారం పాపిడి వంకరగా వచ్చినా సరే. పెద్ద తరగతుల వాళ్ళు కుక్కర్లో అన్నం పెట్టడం, బట్టలు మడత పెట్టడం నేర్చుకోవచ్చు. అబ్బాయిలకి కూడా ఇవే పనులు.

ఫ్రిజ్ మీద కాగితం

ఇవన్నీ ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి. మామూలుగా ఇలాంటి కాగితం మీద ‘తోముకో’, ‘తాగు’, ‘సర్దు’ అని రాస్తారు. అలా వద్దు. మళ్ళీ ఎవరో మీకు పని చెప్పినట్టే ఉంటుంది. మీరు చేసినట్టు రాయండి:

పళ్ళు తోముకున్నాను.
స్నానం చేశాను.
పాలు తాగాను.
డబ్బా పెట్టుకున్నాను.
బూట్లు వేసుకున్నాను.

ప్రతి వాక్యం చివర ‘ను’ ఉంది చూడండి. ‘నేను’ చేసిన పనికి చివర ‘ను’ వస్తుంది. అమ్మాయి రాసినా అబ్బాయి రాసినా ఇదే మాట. అదే అక్క గురించి చెప్పాలంటే ‘తాగింది’, తమ్ముడి గురించి చెప్పాలంటే ‘తాగాడు’ అని మారుతుంది. ఒక్కో పని అవగానే దాని పక్కన టిక్కు పెట్టి, ఆ వాక్యం పైకి చదవండి.

కాగితం పని గుర్తుచేస్తుంటే, అమ్మ గుర్తుచెయ్యక్కర్లేదు. అప్పుడు టేబుల్ దగ్గర ఆ 20 నిమిషాల్లో ఆమె ఇంకేదైనా అడగవచ్చు. “రాత్రి ఏం కలొచ్చింది?” “ఇవాళ లైబ్రరీ ఉందా?” “నీ ఫ్రెండ్ కాలికి కట్టు విప్పేశారా?” మీరు కూడా అడగవచ్చు. “అమ్మా, నీకు ఇవాళ మీటింగు ఉందా?” అని అడిగే పిల్లలు చాలా తక్కువ. అడిగి చూడండి.

అమ్మమ్మ గడియారం

మన ఇంటి వేళల్లో అన్నిటికంటే సులువుగా జారిపోయేది అమ్మమ్మకో తాతయ్యకో చేసే ఫోను. బడి మొదలైన ఆగస్టులో ప్రతి వారం చేస్తాం. అక్టోబరుకి రెండు వారాలకి ఒకసారి. తర్వాత పండుగలకి మాత్రమే. ఎవరూ కావాలని మానరు. దానికి ఒక వేళ లేక జారిపోతుంది.

వేళ పెట్టాలంటే ముందు గడియారం సంగతి తెలియాలి. భూమి గంటకి 15 డిగ్రీలు తిరుగుతుంది. భారతదేశం మొత్తానికి ఒకే టైము. ఆ టైముని 82.5 డిగ్రీల తూర్పు రేఖ బట్టి పెట్టారు. ఆ గీత ఆంధ్రప్రదేశ్ మీదుగా, కాకినాడకి దగ్గరలోంచి వెళ్తుంది. 82.5ని 15తో భాగించండి. ఐదున్నర వస్తుంది. లండన్ దగ్గరి గ్రీనిచ్ టైము కంటే భారతదేశం ఐదున్నర గంటలు ముందు ఉండడానికి కారణం అది. ఆ ‘అర’ అక్కడి నుంచే వచ్చింది.

భారతదేశంలో గడియారం ఏడాదంతా ఒకేలా ఉంటుంది. అమెరికాలో మార్చి రెండో ఆదివారం ఒక గంట ముందుకి, నవంబరు మొదటి ఆదివారం ఒక గంట వెనక్కి తిప్పుతారు. హవాయి, ఆరిజోనాలో ఎక్కువ భాగం తప్ప. టెక్సాస్‌లో మేముండే చోటుకీ అమ్మమ్మ ఊరికీ వేసవిలో తేడా పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర.

ఇప్పుడు ఈ సంగతి చూడండి. మీరు శనివారం పొద్దున 9:00కి ఫోను చేస్తారు. అక్కడ శనివారం సాయంత్రం 7:30. అమ్మమ్మ దీపం పెట్టి, ఫోను పక్కన పెట్టుకుని కూర్చుంటారు. నవంబరు వచ్చింది. మీ గడియారం మారింది. మీరు అదే 9:00కి చేశారు. మీ లెక్కలో ఏమీ మారలేదు. కానీ అక్కడ 8:30 అయింది. 7:30 నుంచి ఆవిడ గంటసేపు ఎదురు చూశారు. భోజనం చెయ్యాలి, మందు బిళ్ళ వేసుకోవాలి, నిద్ర వస్తోంది. “సరేలే నాన్నా, మళ్ళీ మాట్లాడదాం” అని రెండు మాటల్లో పెట్టేస్తారు. ఎదురు చూశానని ఆవిడ చెప్పరు. మీకు తెలియదు. వచ్చే వారం ఇంకా చిన్న ఫోను.

నన్నడిగితే అమ్మమ్మ గంట కదపకూడదు. మనమే జరగాలి. నవంబరు మొదటి ఆదివారం తర్వాత శనివారం 8:00కి చేస్తే అక్కడ మళ్ళీ 7:30. మార్చిలో తిరిగి 9:00కి వెళ్ళండి. క్యాలెండర్‌లో ఆ రెండు ఆదివారాల దగ్గర ఇప్పుడే ‘అమ్మమ్మ గంట’ అని రాసి పెట్టండి. ఈ పని పిల్లలు తీసుకుంటేనే బాగుంటుంది. పెద్దవాళ్ళకి ఆ రోజు కారులో గడియారం, ఓవెన్ గడియారం తిప్పడంతోనే సరిపోతుంది.

మీరుండే దేశాన్ని బట్టి లెక్క మారుతుంది. దుబాయి, మారిషస్ వాళ్ళకి గంటన్నర తేడా, ఏడాదంతా అంతే. దక్షిణాఫ్రికా వాళ్ళకి మూడున్నర గంటలు. మలేషియా వాళ్ళు భారతదేశం కంటే రెండున్నర గంటలు ముందే ఉంటారు, కాబట్టి రాత్రి వాళ్ళ నిద్ర వేళకి అమ్మమ్మ ఇంకా సాయంత్రం టీ తాగుతూ ఉండవచ్చు. ఇంగ్లండులో మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం గడియారం తిప్పుతారు, వేసవిలో తేడా నాలుగున్నర, చలికాలంలో ఐదున్నర. బడి ఏడాది కూడా అందరికీ ఒకటి కాదు: మారిషస్, దక్షిణాఫ్రికాల్లో జనవరిలో మొదలవుతుంది.

ఫోనులో ఏం మాట్లాడాలి? “బాగున్నావా?” “బాగున్నాను.” “తిన్నావా?” “తిన్నాను.” అక్కడితో ఆగిపోతుంది. ఫ్రిజ్ మీద కాగితం కింద ఒక మూల ఖాళీ ఉంచండి. వారంలో ఏదైనా జరిగితే అక్కడ ఒక్క మాట రాయండి: పన్ను ఊడింది, ఉడత, ఫైర్ డ్రిల్. శనివారం ఆ మూల చూసి చెప్పండి. తెలుగు మాట దొరక్కపోతే ఇంగ్లీషు మాటే వేసి వాక్యం పూర్తి చెయ్యండి. ఆగిపోవద్దు. తిరిగి మీరూ అడగండి: “ఇవాళ ఏం కూర?” “పక్కింటి కుక్క ఇంకా అరుస్తోందా?” “చిన్నప్పుడు నువ్వు బడికి ఎలా వెళ్ళేదానివి?” ఈ చివరి ప్రశ్నకి జవాబు పది నిమిషాలు వస్తుంది, సిద్ధంగా ఉండండి.

పండుగలు, సెలవులు

బడి వాళ్ళు ఇచ్చే క్యాలెండర్‌లో మన పండుగలు ఎక్కువగా ఉండవు. కొన్ని ఊళ్ళలో దీపావళికి సెలవు ఇస్తున్నారు, చాలాచోట్ల లేదు. సంక్రాంతి సూర్యుణ్ణి బట్టి వస్తుంది కాబట్టి జనవరి 14 లేదా 15. దసరా, దీపావళి, ఉగాది చంద్రుణ్ణి బట్టి వస్తాయి కాబట్టి ప్రతి ఏడాదీ తేదీ మారుతుంది. ఒక్కోసారి భారతదేశంలో కంటే ఇక్కడ ఒక రోజు ముందే వస్తుంది. తిథి ప్రపంచమంతటా ఒకే క్షణంలో మొదలవుతుంది, కానీ ఆ క్షణానికి అక్కడ గురువారం, ఇక్కడ ఇంకా బుధవారం కావచ్చు. అందుకని మీరుండే ఊరికి లెక్కకట్టిన పంచాంగం చూసి ఆగస్టులోనే తేదీలు రాసుకోండి. ఆ రోజు పెద్ద పరీక్ష ఉందేమో చూడండి. బడి మానాల్సి వస్తే ముందుగా అమ్మానాన్నలు టీచరుకి రాయాలి.

బడి ఉన్నా కొన్ని పండుగలు బాగానే కుదురుతాయి. భోగిపళ్ళు చిన్నపిల్లలకి సాయంత్రమే పోస్తారు, కాబట్టి బడికి అడ్డు రాదు. ఉగాది పచ్చడి మాత్రం పొద్దునే తినాలి. ముందు రోజు రాత్రే బెల్లం తరిగి, మామిడికాయ ముక్కలు కోసి పెట్టుకుంటే 6:40కి అది కూడా అయిపోతుంది.

వేసవి సెలవుల గురించి కూడా ఇప్పుడే ఒక మాట. ఇక్కడ టెక్సాస్‌లో బడులు మే నెల చివరికి మూస్తారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వేసవి సెలవులు ఏప్రిల్ చివర్లో మొదలై జూన్ రెండో వారంలో అయిపోతాయి. అంటే మీకూ మీ బావకీ మరదలికీ ఇద్దరికీ కలిసి సెలవులు ఉండేది రెండు వారాలే. జూన్ చివర్లో వెళ్తే, మీరు అక్కడ ఇంట్లో కూర్చుంటారు, వాళ్ళు బడికి పోతారు. టికెట్లు డిసెంబరు, జనవరిలోనే కొనే ఇళ్ళు చాలా ఉన్నాయి. అందుకే ఈ సంగతి అమ్మానాన్నలకి అంతకు ముందే చెప్పాలి.

ఈ వారం ఇంటిపని

మీ బస్సు వేళ నుంచి, లేదా కారు బయలుదేరే వేళ నుంచి, వెనక నుంచి లెక్క వెయ్యండి. పడుకునే వేళ దాకా రావాలి. మీ ఇంట్లో ఎవరికి ఏది కుదరదో అడిగి మార్చండి. ఒక్కరోజులో సరిగ్గా రాదు. ఒకరికి జ్వరం వస్తుంది, ఒక రోజు నాన్న ఆలస్యంగా వస్తారు. మర్నాడు మళ్ళీ కాగితం దగ్గరికి వెళ్ళండి.

చివర ‘ను’ వచ్చే వాక్యాలు 8 రాసి ఫ్రిజ్‌కి అంటించండి. అక్క, తమ్ముడు గురించి అవే వాక్యాలు నోటు పుస్తకంలో మార్చి రాయండి.

రెండు వారాల తర్వాత, పొద్దున విన్న తెలుగు మాటలు మళ్ళీ రాయండి. మొదటి రోజు రాసిన కాగితం పక్కన పెట్టి, ‘లే, తిను, పద’ లాంటివి ఎన్ని ఉన్నాయో, మిగతావి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి.

అమ్మమ్మకో తాతయ్యకో ఫోను చేసి, వాళ్ళకి ఏ రోజు, ఏ గంట వీలవుతుందో మీరే తెలుగులో అడగండి. ఆ గంట పక్కన అక్కడి టైము, ఇక్కడి వేసవి టైము, చలికాలం టైము మూడూ రాసి వచ్చే ఆదివారం తరగతికి తీసుకురండి.